ఏకెన్‌కి మారదామా? రెండు గుర్రాలు, రెండు వేసవులు: ఒక కేసు

2023 ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయంత్రం న్యూజెర్సీ నుంచి ఫోన్ వచ్చింది. జార్జియాలోని అగస్టాలో ఉండే తెలుగు డాక్టరు ఒకాయన నా నంబర్ ఇచ్చారట. "మేడమ్, మాకు రెండు గుర్రాలున్నాయి. సౌత్ కరోలినాలో ఏకెన్‌కి మారిపోదామని ఆలోచన. గుర్రాల డాక్టరుగా మీరేమంటారు?" అని అడిగారాయన. ఆయన మాట పూర్తి కాకముందే వెనక నుంచి ఒక పెద్దావిడ గొంతు వినిపించింది. "ముందు అక్కడ మనవాళ్లెవరైనా ఉన్నారేమో అడుగు నాయనా."

నేను తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివాను. అమెరికా వచ్చి మళ్లీ పరీక్షలు రాసి, పదకొండేళ్లుగా ఏకెన్ చుట్టుపక్కల గుర్రాలకే వైద్యం చేస్తున్నాను. ఇలాంటి ఫోన్లు ఏడాదికి నాలుగైదు వస్తాయి. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం, ఇందులో నా అంచనా ఒకటి తప్పింది. అది మరో కుటుంబానికి పనికొస్తుందని రాయమన్నది కూడా వాళ్లే. మనుషుల వివరాలు తీసేశాను. గుర్రాల పేర్లు మాత్రం ఉంచమని అమ్మాయి అడిగింది.

తండ్రిది ఇంటి నుంచి చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తల్లి ఫార్మసిస్టు. నాయనమ్మ తెనాలి నుంచి వచ్చి ఆరేళ్లుగా వాళ్లతోనే ఉంటున్నారు. అమ్మాయికి అప్పుడు పద్నాలుగేళ్లు, ఈవెంటింగ్ చేస్తుంది. అంటే ఒకే పోటీలో డ్రెసాజ్ (గుర్రాన్ని లయగా నడిపించడం), క్రాస్ కంట్రీ, షో జంపింగ్ మూడూ ఉంటాయి. రెండు గుర్రాల్లో ఒకటి జాక్, రేసుల నుంచి రిటైరైన పదిహేడేళ్ల థరోబ్రెడ్ జాతి గుర్రం. చలికాలం వస్తే దగ్గు, ఆయాసం. రెండోది ఏడేళ్ల వార్మ్‌బ్లడ్ జాతి ఆడగుర్రం. ఒళ్లంతా ఎర్రటి రంగు కాబట్టి అమ్మాయి దానికి కుంకుమ అని పేరు పెట్టుకుంది.

వాళ్లు బేరీజు వేసుకున్న కాయితం నాకు ఈమెయిల్ చేశారు. ప్రాపర్టీ టాక్స్, ఎకరం ధర, బడి, గుడి, ఎయిర్‌పోర్టు దూరం అన్నీ అందులో ఉన్నాయి. గుర్రాల గురించి మాత్రం ఒక్క వాక్యమే ఉంది: "వాతావరణం వెచ్చగా ఉంటుంది, ఏడాది పొడవునా రైడింగ్ చేయవచ్చు." నేను ఆ వాక్యం దగ్గరే మొదలుపెట్టాను.

ఇది గుర్రాల ఊరు ఎందుకయింది

ఏకెన్‌ని మొదటిసారి చూసినవాళ్లు దాన్ని ఇష్టపడకుండా ఉండలేరు. ఊరి నడిబొడ్డున, గుర్రాల డెక్కలకు దెబ్బ తగలకూడదని, కొన్ని వీధులకు నేటికీ తారు వేయలేదు. విస్కీ రోడ్డు దాటే చోట సిగ్నల్ బటన్‌ను గుర్రం మీద కూర్చున్న మనిషి చేతికి అందే ఎత్తులో పెట్టారు. సౌత్ బౌండరీ మీద లైవ్ ఓక్ చెట్లు రెండు వైపుల నుంచీ కలిసి పందిరి వేస్తాయి. ఆ పక్కనే హిచ్‌కాక్ వుడ్స్, సుమారు 2,100 ఎకరాల అడవి. అందులో కార్లు తిరగవు. ఇసుక బాటల మీద గుర్రాలూ మనుషులూ నడుస్తారు, అంతే. ఇక్కడ పోలో 1882 నుంచి ఆడుతున్నారు.

ఇదంతా కట్టింది ఉత్తరాది శ్రీమంతులు. న్యూయార్క్ వైపు నేల గడ్డకట్టి గుర్రాలకు పని లేనప్పుడు, రైళ్లలో వాటిని ఇక్కడికి తెచ్చేవాళ్లు. ఆ రోజుల్లో దీన్ని వింటర్ కాలనీ అనేవాళ్లు. వసంతం ముగియగానే గుర్రాలతో సహా తిరిగి వెళ్లిపోయేవాళ్లు. ఆగస్టులో ఇక్కడ ఉండాలని వాళ్లెవరూ అనుకోలేదు. ఫ్లోరిడాలో వెల్లింగ్టన్ గుర్రాల పోటీల సీజన్ చూసినా అంతే, జనవరి నుంచి మార్చి దాకానే రద్దీ. దక్షిణాది గుర్రాల ఊళ్ల పేరు ప్రతిష్ఠలన్నీ చలికాలం సంపాదించి పెట్టినవే. ఇప్పుడు పన్నెండు నెలలూ ఉండటానికి వస్తున్న కుటుంబాలకు ఇంట్లో ఏసీ ఉంటుంది. పచ్చికలో నిలబడే గుర్రానికి ఉండదు.

అందుకే వాళ్లకు ఒక్కటే చెప్పాను. మార్చిలో చూసి కొనొద్దు, ఆగస్టులో వచ్చి వారం ఉండండి, ఆ తర్వాతే మాట్లాడుకుందాం. అప్పటికే ఒక రియల్ ఎస్టేట్ ఏజెంటు మార్చి రెండో వారానికి వాళ్లకు అపాయింట్‌మెంట్లు పెట్టి ఉంచారు. డాగ్‌వుడ్ పూసే నెల అది. ఆ నెలలో ఎవరికి చూపించినా ఈ నేల అమ్ముడుపోతుంది.

ఆగస్టు వారం

వచ్చారు, నలుగురూ. నేను తండ్రి చేతికి ఒక థర్మామీటరు ఇచ్చాను, తేమ కూడా చూపించే రకం. మా వృత్తిలో ఒక మోటు లెక్క ఉంది. ఫారెన్‌హీట్ ఉష్ణోగ్రతకు తేమ శాతాన్ని కలపాలి. మొత్తం 130 లోపు ఉంటే గుర్రం తనంతట తానే చల్లబడుతుంది. 150 దాటి, అందులో సగానికి పైగా తేమే అయితే చెమట పడుతుంది కానీ ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచలేదు. 180 దాటితే జీను వేయకపోవడమే మంచిది.

మొదటి రోజు మధ్యాహ్నం మూడింటికి 95, తేమ 54. మొత్తం 149. "ఫరవాలేదు కదండీ, అనుకున్నంత లేదు," అన్నారాయన. రాత్రి తొమ్మిదింటికి మళ్లీ చూడమన్నాను. 82 డిగ్రీలు, తేమ 76, మొత్తం 158. మనకు చల్లబడినట్టు అనిపించే ఆ వేళ కూడా ఈ లెక్క ప్రకారం మొత్తం తగ్గలేదు, పెరిగింది. ఆయన ఆ అంకెలు చూసి చాలాసేపు మాట్లాడలేదు. మిగతా ఆరు రోజులూ నేను చెప్పకుండానే పొద్దునా రాత్రీ రాసుకున్నారు.

గుర్రం గట్టిగా పని చేస్తే గంటకు పది, పదిహేను లీటర్ల చెమట పోస్తుంది. వేడిని వదిలించుకోవడానికి దానికున్న పెద్ద దారి అదే. అది తెలిస్తే ఈ అంకెలు ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. 2018లో ఇక్కడికి రెండున్నర గంటల దూరంలో, నార్త్ కరోలినాలోని ట్రయన్‌లో ప్రపంచ ఈక్వెస్ట్రియన్ గేమ్స్ జరిగినప్పుడు, వేడీ తేమా కలిసి గుర్రాలకు ప్రమాదమయ్యేసరికి ఎండ్యూరెన్స్ (దూరపు స్వారీ) పోటీని మధ్యలోనే రద్దు చేశారు. అప్పుడు సెప్టెంబరు. ప్రపంచంలో మేలైన గుర్రాలు, మేలైన డాక్టర్లు అందరూ అక్కడే ఉన్నారు.

ఏకెన్‌తో పాటు ఓకలా కూడా వాళ్ల ఆలోచనలో ఉండేది, ఆ వారంలోనే దాన్ని మానుకున్నారు. ఫ్లోరిడాలో ఓకలా చుట్టూ సున్నపురాయి నేల ఉంది, ఎముక పుష్టికి మంచిదని పేరు. 1956లో కెంటకీ డర్బీ రేసు గెలిచిన నీడిల్స్ అక్కడి గుర్రమే. 2021లో వరల్డ్ ఈక్వెస్ట్రియన్ సెంటర్ అనే గుర్రాల పోటీల ప్రాంగణం వచ్చాక సౌకర్యాల్లో దానికి పోటీ లేదు, పైగా రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. తండ్రి మనసు చివరిదాకా అటే లాగింది. కానీ అక్కడి వేడికాలం ఇక్కడికన్నా పొడవు. ఏకెన్ ఆగస్టే చూసి వచ్చిన అమ్మాయి, "నాన్నా, ఇంతకన్నా రెండు నెలలు ఎక్కువా?" అంది. ఆ మాటతో ఓకలా పక్కకు పోయింది.

నేను రాసిచ్చింది

పన్నుల విషయంలో నా పని పరిమితం. ఒక రెండు సంగతులు మాత్రం ఎప్పుడూ చెబుతాను. సౌత్ కరోలినాలో సొంతానికి కాపురముండే ఇంటి విలువలో 4 శాతాన్ని పన్ను లెక్కకు తీసుకుంటారు, రెండో ఇల్లయితే 6 శాతాన్ని. ముందే కొని ఖాళీగా ఉంచితే ఆ తేడా తగులుతుంది. వ్యవసాయ భూమి కింద లెక్కకట్టాలంటే, చెట్ల పెంపకం కాకపోతే, మామూలుగా పదెకరాలుండాలి. సొంత సరదాకి పెంచుకునే గుర్రాల మేత దాని కిందికి వస్తుందో రాదో కౌంటీ అసెసర్ (ఆస్తి విలువ కట్టే అధికారి) నుంచి కాయితం మీద తీసుకోమంటాను. నోటి మాట పనికిరాదు.

గుర్రాల సంగతికొస్తే, ఇక్కడ క్యాలెండరే తలకిందులవుతుంది. ఉత్తరాన కడుపులో పురుగుల బెడద వేసవిలో ఎక్కువ. ఇక్కడ మండుటెండకు పచ్చికలోని పిల్లపురుగులు చస్తాయి, కాబట్టి మందు వేసే కాలం శరదృతువు నుంచి వసంతం దాకా. న్యూజెర్సీలో దోమల వల్ల వచ్చే మెదడువాపుకు వసంతంలో ఒక టీకా వేస్తే సరిపోయేది. ఇక్కడ ఆరు నెలలకొకసారి వేస్తాం. ఈస్టర్న్ ఈక్వైన్ ఎన్‌సెఫలైటిస్ సోకిన గుర్రాల్లో పదింటికి తొమ్మిది చనిపోతాయి. ఒక టీకా దాటవేసినందుకు గుర్రాన్ని పోగొట్టుకున్న ఇళ్లు నేను చూశాను. ఎండుగడ్డి కూడా మారుతుంది. అక్కడి తిమోతీ గడ్డి ఇక్కడ దూరం నుంచి రావాలి, అందుకే ఖరీదు. ఇక్కడ పండేది కోస్టల్ బెర్ముడా, సన్నటి పీచు. హఠాత్తుగా దానికి మారిస్తే చిన్నపేగు చివర మేత గడ్డకట్టి కోలిక్, అంటే కడుపునొప్పి వస్తుంది. నాలుగు వారాలు రెండూ కలిపి పెట్టమన్నాను. ఇక ఇసుక. ఏకెన్ నేల ఇసుక నేల. వానపడిన గంటకే మళ్లీ స్వారీకి సిద్ధమవుతుంది కాబట్టి రైడర్లకు వరం. గడ్డి పలచబడిన చోట మేసే గుర్రం మాత్రం ఆ ఇసుకను కూడా మింగుతుంది.

మంచి వైపు బరువు తక్కువేమీ కాదు. గుర్రాల ఊళ్లో ఉండటమంటే నాడాలు కొట్టేవాళ్లు, పళ్లు చూసేవాళ్లు, జీను సరిచేసేవాళ్లు, కోచ్‌లు పది మైళ్లలోపు దొరకడం. రాత్రి రెండింటికి కోలిక్ వస్తే ఇరవై నిమిషాల్లో నేనో మరొకరో ఉంటాం. అమెరికాలో చాలా జిల్లాల్లో గుర్రాల డాక్టరు కోసం గంటలకొద్దీ ఎదురుచూస్తారు. ఆపరేషన్ అవసరమైతే ఏథెన్స్‌లోని జార్జియా యూనివర్సిటీ ఆస్పత్రికి ట్రెయిలర్‌తో రెండు గంటల పైనే పడుతుంది. అది కాయితం మీద రాసి, ట్రెయిలర్ సొంతంగా లేకుండా రావొద్దన్నాను.

చివర్లో నా అంచనా రాశాను. జాక్ వయసు మళ్లింది, ఊపిరితిత్తులు బలహీనం, ఇక్కడి వేసవి పచ్చిక వల్ల కూడా ఒక రకం ఉబ్బసం వస్తుంది, కాబట్టి భయం దాని గురించే. కుంకుమ వయసులో ఉంది, ఆరోగ్యంగా ఉంది, అలవాటు పడుతుంది.

2023 నవంబరులో మారారు. చల్లటి నెలలో తరలించమన్నది నేనే. వేడికి ఒళ్లు అలవాటు పడాలంటే కనీసం రెండు మూడు వారాలు కావాలి, ఆ అలవాటు మెల్లగా వసంతంలో మొదలవడం మేలు.

మొదటి ఏడాది

జాక్ నన్ను ఆశ్చర్యపరిచింది. న్యూజెర్సీలో చలికి తలుపులు బిగించిన శాలలో, ఎండుగడ్డి దుమ్ములో నిలబడటమే దాని దగ్గుకు మూలం. ఇక్కడ రాత్రింబవళ్లు బయటే. జనవరికల్లా దగ్గు ఆగింది, ఏప్రిల్‌కల్లా ఇన్‌హేలర్ మానేశాం. నేను భయపడ్డ వేసవి ఉబ్బసం రాలేదు. ఇప్పటికీ మే నుంచి సెప్టెంబరు దాకా నెలకోసారి ఊపిరితిత్తులు వింటాను.

ఇసుక మాత్రం దాన్ని వదల్లేదు. మే నెలలో మేత తగ్గించింది, మాటిమాటికీ పొట్టవైపు తిరిగి చూసుకుంటోంది. అమ్మాయికి పరీక్ష నేర్పించాను. పొడవాటి ప్లాస్టిక్ గ్లవ్‌లో, నేల తగలని లద్దె ఉండలు ఐదారు వేసి, నీళ్లు నింపి, బాగా కలిపి, వేళ్లు కిందికి ఉండేలా కంచెకు వేలాడదీయాలి. పావుగంట తర్వాత చూస్తే గ్లవ్ ఐదు వేళ్లలోనూ కొసన తెల్లటి ఇసుక పేరుకుని ఉంది, బొటనవేలిలో ఒక అంగుళం. అమ్మాయి దాన్ని నొక్కి చూసి, "ఇదంతా దాని కడుపులోదా ఆంటీ?" అంది. ఇసబ్‌గోల్ పెట్టించాం. మేత నేల మీద వేయడం మాని రబ్బరు చాపల మీద తొట్లలో పెట్టడం మొదలుపెట్టారు. నెల తిరక్కుండా గ్లవ్ తేరుకుంది.

ఈ ఏడాదంతా నాయనమ్మగారి సంగతి నన్ను ఎక్కువ కలవరపెట్టింది. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఆవిడకు సాయంత్రం పార్కులో ఆరుగురు స్నేహితురాళ్లు. ఇక్కడ పదకొండెకరాల మధ్య ఒక ఇల్లు, గేటు దాటితే మట్టిరోడ్డు. అగస్టాలో గుడి ఉంది, తెలుగువాళ్లున్నారు, కానీ ఎవరో ఒకరు కారులో తీసుకెళ్లాలి. ఒకసారి టీకాలకు వెళ్లినప్పుడు నా చెయ్యి పట్టుకుని, "డాక్టరమ్మా, గుర్రాలకైతే రెండున్నాయి, ఒకదానికొకటి తోడు," అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆవిడ కళ్లు నా మీద లేవు, కంచె అవతల మేస్తున్న వాటి మీదున్నాయి. నేను రాసిచ్చిన ఆరు పేజీల్లో ఆవిడ గురించి ఒక్క వాక్యం కూడా లేదు. ఇప్పుడు ఎవరికి రాసిచ్చినా, ఇంట్లో కారు నడపని మనిషి ఎవరు, వాళ్ల సాయంత్రాలు ఎలా గడుస్తాయి అని ముందు అడుగుతున్నాను.

2024 సెప్టెంబరు 27 తెల్లవారుజామున హెలీన్ తుఫాను వచ్చింది. సముద్రానికి ఇంత దూరంలో ఉన్నాం కదా అని ఏకెన్‌లో చాలామంది నిశ్చింతగా పడుకున్నారు. లేచేసరికి చెట్లు ఇళ్ల మీద, రోడ్ల మీద, కంచెల మీద ఉన్నాయి. వాళ్లకు తొమ్మిది రోజులు కరెంటు లేదు. కరెంటు లేకపోతే బావి మోటారు లేదు. ఒక్కో గుర్రానికి రోజుకు నలభై లీటర్ల నీళ్లు. రెండో రోజుకే తొట్లు అడుగంటాయి. మూడు ఫారాల అవతల ఉండే ఒక రిటైర్డ్ కోచ్ జనరేటరు ట్రక్కులో వేసుకుని వచ్చి, వరసగా ఆరు ఇళ్ల మోటార్లు గంటేసి చొప్పున నడిపాడు. నేను ఫోన్ అందిన ప్రతి ఇంటికీ ఒకటే చెప్పాను: పడిపోయిన రెడ్ మేపుల్, అడవి చెర్రీ కొమ్మలు పచ్చికలోంచి ముందు తీసేయండి అని. వాడిన రెడ్ మేపుల్ ఆకు తింటే గుర్రం రక్తకణాలు విరిగిపోతాయి.

ఫ్రిజ్ లేకపోయినా పాడవదని నాయనమ్మగారు క్యాంపింగ్ స్టవ్ మీద పెద్ద గిన్నెడు పులిహోర కలిపి, ఆ ఆరు ఇళ్లకూ పంపారు. ఆ తర్వాత కోచ్ భార్య మంగళవారం, గురువారం వచ్చి ఆవిడను నడకకు తీసుకెళ్తోంది. ఇద్దరికీ ఉమ్మడి భాష పెద్దగా లేదు.

కుంకుమ

2025 జూలై 9 ఉదయం ఎనిమిదింటికి అమ్మాయి ఫోన్ చేసింది. "ఆంటీ, అరగంట ట్రాట్‌లో పరుగెత్తించాను. జీను కింద గుడ్డ తీస్తే తడి లేదు."

వెళ్లేసరికి కుంకుమ నీడలో తల వంచుకుని నిలబడి ఉంది. ముక్కుపుటాలు ఎర్రగా విచ్చుకున్నాయి. మామూలుగా నిమిషానికి పదీ పదహారు మధ్య ఉండాల్సిన శ్వాస 92 ఉంది. జ్వరం 103.6. మెడ మీద చెయ్యి వేస్తే కాలుతోంది, వెంట్రుకలు ఎండుగడ్డిలా పొడిగా ఉన్నాయి. జూలు కింద మాత్రం కాస్త జిగట. ఆ వారం తర్వాత టెర్బ్యూటలిన్ అనే, చెమట పట్టించే మందుతో పరీక్ష చేశాను. మెడ చర్మంలోకి పలచన నుంచి చిక్కన దాకా వరసగా చిన్న చిన్న ఇంజెక్షన్లు ఇచ్చి, అరగంటలో ఏ చుక్క దగ్గర చెమట పట్టిందో చూడాలి. ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి అన్ని చోట్లా పడుతుంది. కుంకుమకు అన్నిటికన్నా చిక్కటి మందు దగ్గర మాత్రం వెంట్రుకలు కాస్త తడిశాయి.

ఇది యాన్‌హైడ్రోసిస్, చెమట పట్టకపోవడం. బ్రిటిష్ కాలంలో చల్లటి దేశం నుంచి ఇండియాకి తెచ్చిన గుర్రాల్లో దీన్ని చూసి డ్రై కోట్ అన్నారు. నా చదువు మన దగ్గరే జరిగింది, ఆ పేరు నాకు కొత్త కాదు. అయినా మొదటి వేసవి సాఫీగా గడిచింది కదా అని ఈ గుర్రం విషయంలో నిశ్చింతగా ఉన్నాను. కొన్ని గుర్రాలు ఒక వేసవి తట్టుకుని ఆ తర్వాత చెమట ఆపేస్తాయి. రోగం వయసు చూసి రాదు. కష్టపడి పని చేసే ఆరోగ్యమైన గుర్రానికీ వస్తుంది. నేను రాసిన "అలవాటు పడుతుంది" అన్న మాటకు ఆధారం నా దగ్గర లేదు. ఆ సాయంత్రం ఆ తండ్రికి అదే చెప్పాను.

ఫ్యాన్లు, నీటి తుంపర, రాత్రి మాత్రమే బయటికి వదలడం, ఎలక్ట్రోలైట్లు అన్నీ చేశాం. శ్వాస 60కి దిగింది, అంతకన్నా దిగలేదు. మార్కెట్లో పొడులు చాలా ఉన్నాయి, ఒకదాని మీదా నాకు నమ్మకం లేదు. నమ్మకంగా పనిచేసే మందు చల్లటి చోటికి తీసుకెళ్లడం ఒక్కటే. జూలై నెలాఖరుకు దాన్ని నార్త్ కరోలినా కొండల్లో, బ్లోయింగ్ రాక్ దగ్గర, 3,500 అడుగుల ఎత్తున ఒక శాలకు పంపారు. ట్రెయిలర్‌తో ఐదు గంటలు. బోర్డింగ్ ఖర్చు అదనం, ప్రతి రెండో శనివారం ప్రయాణం అదనం. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు. పని చేయని నెలల్లోనే కుంకుమకు ఎక్కువ ఖర్చయింది.

అమ్మేద్దామా అన్న మాట కూడా వచ్చింది. ఉత్తరాది ఇంటికైతే అది మంచి గుర్రం, కొనేవాళ్లకు నిజం చెప్పి అమ్మవచ్చు అన్నాను. తల్లి ఆ వైపే మొగ్గారు. అమ్మాయి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు తండ్రి ఆగస్టులో రాసుకున్న ఆ పాత అంకెల పుస్తకం తీసి, పక్కనే బ్లోయింగ్ రాక్ అంకెలు వేశారు. అక్కడ రాత్రి తొమ్మిదింటికి 66 డిగ్రీలు. పక్కన తేమ ఎంతున్నా ఆ వేడికి కుంకుమ తట్టుకోగలదు. ఏకెన్‌లో ఎనిమిది నెలలు, కొండ మీద నాలుగు నెలలు అని లెక్క కట్టారు. న్యూజెర్సీలో కట్టిన బోర్డింగ్, పన్ను కలిపి చూస్తే ఇంకా కొంచెం మిగులే. వింటర్ కాలనీవాళ్లు కూడా ఇదే చేశారు కదా అని నేను గుర్తు చేస్తే ఆయన తలూపారు.

అక్టోబరు 4న కుంకుమ తిరిగి వచ్చింది. నేను వెళ్లేసరికి అమ్మాయి నలభై నిమిషాలు స్వారీ చేసి దిగుతోంది. ఆ పొద్దున 68 డిగ్రీలు. జీను ఎత్తి గుడ్డ తీసి నా చేతికిచ్చింది. మధ్యలో, వెన్నుకు రెండు వైపులా, అరచేయంత మేర నల్లగా తడిసి ఉంది. శ్వాస పది నిమిషాల్లో 20కి దిగింది. అయినా వచ్చే మే రెండో వారంలో మళ్లీ పరీక్ష చేయాలని రాసుకున్నాను. ఒకసారి చెమట ఆపిన గుర్రం మరో వేసవిలో మళ్లీ ఆపవచ్చు.

కొండ మీద శాలకు 2026 జూన్ 1 నుంచి సెప్టెంబరు నెలాఖరు దాకా అడ్వాన్స్ కట్టేశారు. జాక్ ఇక్కడే ఉంటుంది. తోడు లేకుండా అది నాలుగు నెలలు ఒంటరిగా ఉండకూడదని, కోచ్ వాళ్ల ముసలి పోనీ ఒకటి ఆ నెలల్లో వీళ్ల పచ్చికలో మేస్తుంది. ఆ ఏర్పాటు మాట్లాడింది నాయనమ్మగారే.